ఆగని బండికి అర్హత లేదు

మా అమ్మమ్మ కారు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుందని మా ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. అది ఆగకపోతే తప్పవుతుందని మాత్రం మొన్న డిసెంబరులోనే తెలిసింది.

అది అమెరికా కారు. యాభై ఏళ్ల కిందట మా జువ్వలమడుగు మిషన్ ఆస్పత్రిలో ఒక అమెరికా డాక్టరమ్మ ఉండేదట. ఆమె కోసం ఓడలో మద్రాసు రేవుకి వచ్చింది. అక్కణ్ణుంచి మా ఊరికి వస్తూ దారిలో ఎన్నిసార్లు ఆగిందో గానీ, డాక్టరమ్మ కారుకంటే ముందే ఎడ్లబండిలో ఊళ్లోకి వచ్చిందని చెప్పుకుంటారు. ఆ దేశంలో దాన్ని చిన్న కారు అంటారట. మా సందులోకి వస్తే మాత్రం కోళ్లు గోడెక్కాల్సిందే. డాక్టరమ్మ తిరిగి వెళ్లిపోతూ తనతో పనిచేసిన నర్సుకి దాన్ని ఇచ్చేసింది. ఆ నర్సే మా అమ్మమ్మ సువార్తమ్మ.

"ప్రేమతో ఇచ్చింది" అంటుంది అమ్మమ్మ.

"తొయ్యలేక ఇచ్చింది" అంటాడు పక్కింటి కోటయ్య తాత.

ఒకప్పుడు లేత పచ్చరంగు ఉండేదట. ఇప్పుడు ఏ రంగని అడిగితే ఏ పక్క అని అడగాలి. వెనక సీటు కింద రేకు తుప్పుపట్టి చిల్లుపడింది. చిన్నప్పుడు నేను ఆ చిల్లులోంచి రోడ్డు పరిగెత్తడం చూస్తూ, తిన్న రేగ్గింజలు ఒక్కొక్కటే కిందికి వదిలేదాన్ని. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ఎదురుగా వచ్చేవి నడిపేవాళ్లకి సరిగ్గా కనబడవు. కుడి పక్క కూర్చున్నవాళ్లు తొంగిచూసి "లారీ!" అనో "ఖాళీ!" అనో అరవాలి. నాకు గొంతు పెగలదు కాబట్టి అమ్మమ్మ నన్ను ఎప్పుడూ వెనకే కూర్చోబెడుతుంది. ఇంజను వేడెక్కి ఆగిపోతే, జ్వరమొచ్చిన పిల్లకి వేసినట్టు బానెట్ తీసి తడిగుడ్డ వేస్తుంది. కాసేపటికి దిగిన జ్వరం మళ్లీ ఎక్కేదాకా నడుస్తుంది.

అమ్మమ్మ ఆస్పత్రి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అయినా కరకట్ట మీదుగా ఆ కారేసుకుని బస్సులు పోని లంక ఊళ్లకి వెళ్లి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసొస్తుంది. మోకాళ్లు అరిగిపోయాయి. నడిచి ఎక్కడికీ పోలేదు. అందుకని ఆ రోజు సర్పంచి పుల్లారావు మావయ్య కాగితం పట్టుకుని వచ్చినప్పుడు నాకు భయమేసింది.

"కాలం తీరిన వాహనాల విముక్తి పథకమంట, అక్కా" అన్నాడు.

"విముక్తి అంటే?"

అమ్మమ్మ నా వంక చూసింది. నేను చదివి, మెల్లగా, "తుక్కు చేస్తారట అమ్మమ్మా" అన్నాను.

"అంత మంచి మాటకి అంత చెడ్డ అర్థమా?"

"ఒక దారుంది" అన్నాడు పుల్లారావు మావయ్య. "వారసత్వ వాహనం అని గుర్తిస్తే వదిలేస్తారంట. దానికో ఆఫీసు కూడా ఉంది. నీ బండికంటే వారసత్వం ఇంకేముంది?"

దరఖాస్తు పెట్టాం. పది రోజులు తిరక్కుండానే వారసత్వ వాహనాల గుర్తింపు మరియు పరిరక్షణ విభాగం ప్రత్యేకాధికారి పురంధరరావు గారు వచ్చారు. ఆయన వచ్చిన బండి కొత్తది. తాళంచెవి ఉండదు, అన్నీ బొత్తాలే. దిగాక తలుపు దానంతటదే మూసుకుంది. మా ఊరి పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన అమ్మమ్మ కారు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. వెంట వచ్చిన గుమాస్తా బలరాం రాసుకుంటున్నాడు.

"వారసత్వమనగా కేవలం పాతదనం కాదమ్మా" అన్నారు. "పాతదనం మా ఆఫీసులో కుర్చీలకి కూడా ఉంది. సదరు వాహనము ప్రజాస్మృతిలో ఏ స్వభావంతో నిలిచియున్నదో, ఆ స్వభావం నేటికీ యథాతథంగా నిలిచియుండవలెను."

"బాబూ, మీరు తెలుగువాళ్లేనా?" అంది అమ్మమ్మ.

మర్నాడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద ప్రజాస్మృతుల సేకరణ జరిగింది. ఊరంతా వచ్చింది. అమ్మమ్మ కారు మీద మంచిమాట చెప్పి దాన్ని కాపాడాలని అందరికీ ఉంది. అందరూ ప్రేమగానే చెప్పారు. అదే కొంప ముంచింది.

ముందు కోటయ్య తాత లేచాడు. "నేను ఈదులలంకకి పెళ్లిచూపులకి పోతన్నానండి. చిలకమ్మ రేవు దగ్గర బండి ఆగిపోయింది. దాహమేసి ఎదురింట్లో మంచినీళ్లడిగా. ఇచ్చిన పిల్ల బాగుంది. ఇంక ఈదులలంక దాకా ఎందుకని ఈ పిల్లనే చేసుకున్నా."

ఆ పిల్ల, అంటే మా నాంచారమ్మ అవ్వ, ఆడవాళ్లలోంచి అంది: "కుండలో నీళ్లు లేవని చెప్పుంటే నా బతుకు బాగుపడేది."

దావీదు వాళ్లమ్మ లేచింది. "మా దావీదు ఈ బండిలోనే పుట్టాడయ్యా. ఆస్పత్రికి పోతా ఉంటే సర్కారుతుమ్మల దగ్గర ఆగింది. సువార్తమ్మ పక్కనే ఉందిగా, ఇంక ఆస్పత్రితో పనేంటి?"

పుల్లారావు మావయ్య గొంతు సవరించుకున్నాడు. "పదో తరగతి లెక్కల పరీక్షకి నన్ను ఇందులోనే ఎక్కించారు. దారిలో ఆగింది. పరీక్ష పోయింది. అందువల్లే ఈరోజు ప్రజాసేవలో ఉన్నాను."

ఒకాయన వానలో ఆగి అందరూ కలిసి పాటలు పాడిన సంగతి చెప్పాడు. ఒకామె ఆగిన చోట తాటిముంజెలు తిన్న సంగతి చెప్పింది. చెప్పేవాళ్ల కళ్లు మెరుస్తున్నాయి. తొయ్యడానికి దిగినవాళ్ల చెప్పులు తెగడం, బురదలో పడ్డం, తోసి తోసి బండి అందుకోగానే అమ్మమ్మ ఆపితే మళ్లీ ఆగిపోతుందని ఆపకుండా పోవడం, వీళ్లు వెనకాల ఊరిదాకా నడిచి రావడం. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. బలరాం కూడా నవ్వాడు.

పురంధరరావు గారు నవ్వలేదు. "ఈ వాహనం ఎక్కడికైనా సకాలంలో చేరినట్టు ఎవరికైనా జ్ఞాపకం ఉందా?"

జనం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"చేరే ఉంటదండి" అంది నాంచారమ్మ అవ్వ చివరికి. "కానీ చేరితే చెప్పుకోడానికేముంటది?"

ఆయన తల నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు మనవరాలివి కదా. నీ జ్ఞాపకం?"

నాకు చిల్లు, రేగ్గింజలు, కింద పరిగెత్తే రోడ్డు అన్నీ గుర్తొచ్చాయి. బండి ఆగకుండా నడిచిన జ్ఞాపకం ఒక్కటి నా దగ్గరే ఉంది. నోరు తెరిచాను. మాట రాలేదు.

"రాసుకో" అన్నారాయన బలరాంతో. "మైనరు సాక్షి మౌనంగా ధ్రువీకరించెను."

తర్వాత లేచి నిలబడి తీర్పు చెప్పారు. ఆగిపోవుటయే సదరు వాహనపు మౌలిక స్వభావమని విచారణలో తేలింది. కావున ప్రజాస్మృతిలో నమోదైన స్థలాల్లో కనీసం ఒకచోట, మానవ ప్రమేయం లేకుండా, సదరు వాహనం తనంతట తాను ఆగవలెను. ఆగితే వారసత్వం. ఆగకపోతే విముక్తి.

"నడిచే బండిని తుక్కు చేసి, నడవని బండిని కాపాడతారా?" అంది అమ్మమ్మ.

"నడిచే బళ్లు రాష్ట్రంలో లక్షలున్నాయమ్మా. వాటిలో విశేషమేముంది?"

అప్పట్నుంచి మా ఊరికి తీరిక లేదు. కరకట్ట మీద 'ఈ స్థలమున సదరు వాహనము ఆగుచుండెడిది' అని బోర్డులు పాతారు. మొదటిది సర్కారుతుమ్మల దగ్గర, రెండోది చిలకమ్మ రేవు దగ్గర. మూడోది ఎక్కడా అనుకుంటుండగా పైఊరి నాయకుడి మనిషి వచ్చాడు. తమ నాయకుడి ఇంటి ముందు ఈ కారు ఎన్నడూ ఆగలేదనడం ఆ ప్రాంత ప్రజలందరికీ అవమానమన్నాడు.

"ఆ ఇల్లు కట్టిందే పోయినేడు గదయ్యా" అన్నాడు పుల్లారావు మావయ్య.

"ఇల్లు కట్టకముందు అక్కడ స్థలం లేదా?"

పురంధరరావు గారు ఆలోచించి, ఆ వాదనలో న్యాయముందన్నారు. మూడో బోర్డు అన్నిటికంటే పెద్దది పెట్టారు.

ఆగిన బండిని తొయ్యాలి కదా. కోటయ్య తాతనీ, ఆయన ఈడువాళ్లనీ వెతికి పట్టుకుని 'వారసత్వ తోపరి' అని మెడలో కార్డులు వేశారు. వాళ్లకి శిక్షణ ఇవ్వడానికి జిల్లా నుంచి నిపుణుడొకాయన వచ్చాడు. తోపుకి ముందు కుడికాలు పెట్టాలని, మోచేతులు వంచకూడదని బొమ్మలు చూపించి చెప్పాడు. ఇద్దరు తాతలు వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోతే అమ్మమ్మ వచ్చి నడుములు సర్ది లేపింది.

"అంతా బానే ఉంది బాబూ" అన్నాడు కోటయ్య తాత నిపుణుడితో. "తోసేటప్పుడు తిట్టాలి. అది రాసుకున్నావా?"

"ఎవర్ని?"

"బండిని. తిట్టకుండా తోస్తే కదలదు. ఎప్పుడన్నా కదిలిందా?"

మిగతా తోపరులు కదల్లేదన్నారు. నిపుణుడు కంగారుపడి, తాతలు చెప్పిన సంప్రదాయ దూషణలన్నీ రాసుకుని అనుమతి కోసం జిల్లాకి పంపించాడు. అభ్యంతరకరమైనవి తీసేసి జిల్లావాళ్లు తిప్పి పంపారు. 'అబ్బా', 'ఓరి దేవుడా' అనే రెండే మిగిలాయి. ఈ రెండింటినీ మార్చి మార్చి వాడుకోవచ్చునని కింద సంతకం ఉంది.

ఇంత హడావుడిలో నాకు ఒకటే గుబులు. డిసెంబరు. పొద్దున్నే మంచు పడుతోంది. చల్లటి గాలి వీస్తోంది. ఆ చలికి అమ్మమ్మ కారు ఇంజను వేడెక్కడం లేదు. వారం నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఊళ్లోవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. పెట్రోల్లో చక్కెర పొయ్యమన్నారొకరు. వైరు పీకమన్నారొకరు. అమ్మమ్మ అందరికీ ఒకటే జవాబు చెప్పింది.

"నలభై ఏళ్లు రోగుల్ని చూశాను. బాగున్నవాళ్లకి జబ్బు రావాలని సూదెయ్యలేదు."

"ఒక్క వైరు, అమ్మమ్మా" అన్నాను సాయంత్రం, ఎవరూ లేకుండా చూసి. "తర్వాత మళ్లీ పెట్టేద్దాం."

ఆమె మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. "నీకెవరు నేర్పారే ఈ మాటలు?"

"మరి తుక్కు చేసేస్తే లంకకి ఎలా పోతావు?"

అమ్మమ్మ ఇంకో మోకాలికి రాసుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే సర్కారుతుమ్మల దగ్గర మేళం, దండలు, కొబ్బరికాయలు సిద్ధం చేశారు. తోపరులు కార్డులు వేసుకుని వరసగా నిలబడ్డారు. మా ఇంటి దగ్గర పురంధరరావు గారు కారులో కుడి పక్క కూర్చున్నారు. నేను వెనక, చిల్లు మీద పీట వేసుకుని కూర్చున్నాను. బలరాం కొత్త బండిలో మా వెనకాలే వస్తూ వీడియో తీసి, ఎప్పటికప్పుడు జిల్లా ఆఫీసుకి చూపించాలి.

అమ్మమ్మ తాళం తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక అలా అందుకోవడం ఎవరూ చూడలేదు. గుమికూడిన జనం "అయ్యో" అన్నారు.

"సర్, ఒక మాట" అంది అమ్మమ్మ. "నాకు కుడివైపు కనబడదు. మీరు చూసి చెప్పాలి."

"తప్పకుండా" అన్నారాయన. కరకట్ట ఎక్కగానే ముందర ఎడ్లబండి ఉంది. అమ్మమ్మ దాన్ని దాటబోతోంది. పురంధరరావు గారు మొదలుపెట్టారు. "ఎదురు దిశ నుండి, దాదాపు మనకు సమీపంలో, ఒక భారీ సరుకు రవాణా..."

లారీ హారన్ మోగింది. అమ్మమ్మ చటుక్కున పక్కకి లాగింది. లారీ వెళ్లిపోయాక చాలాసేపు ఆయన "వాహనము" అనడం పూర్తిచెయ్యలేదు.

"'లారీ' అంటే చాలు సర్" అంది అమ్మమ్మ.

సర్కారుతుమ్మలు వచ్చాయి. బోర్డు కనబడింది. మేళగాళ్లు సన్నాయి నోట్లో పెట్టుకున్నారు. కోటయ్య తాత కుడికాలు ముందుకి పెట్టాడు. మా కారు పెళ్లికూతురిలా వాళ్ల ముందు నుంచి మెల్లగా, ఒక్క దగ్గు కూడా లేకుండా వెళ్లిపోయింది. తోపరులు వెనకాల కొంతదూరం పరిగెత్తారు. అందలేదు.

కాసేపటికి వెనక మేళం వినబడింది. ఉత్తినే వాయిస్తున్నారేమో అనుకున్నాను.

"లారీ!" అన్నారు పురంధరరావు గారు. ఆయనకి అలవాటైపోయింది.

చిలకమ్మ రేవు కూడా దాటింది. ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా, కొంచెం ఆపరాదూ?"

"నేనెలా ఆపుతాను సర్? మానవ ప్రమేయం కూడదన్నది మీరేగా?"

"అవును, నేనే అన్నాను. ట్రాక్టర్!"

నాయకుడి ఇంటి ముందు నాయకుడే దండ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. కారు ఆగుతుందని గట్టి నమ్మకంతో కదల్లేదు. చివరి క్షణంలో కదిలాడు. దండ మాత్రం మా కారు అద్దానికి తగులుకుని మాతో వచ్చేసింది.

ఇంక బోర్డులు లేవు. కారు మమ్మల్ని ఈదులలంక దాకా తీసుకుపోయింది. రోడ్డు అయిపోయాక అమ్మమ్మ తాళం తిప్పి ఆపింది. ఇంజను చప్పుడు పోయాక ఏరు వినబడింది. ఆమె స్టీరింగు మీద చెయ్యి వేసి, పసిబిడ్డతో అన్నట్టు, "నీకు ఈ రోజే బాగవ్వాలా తల్లీ?" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. పురంధరరావు గారు కూడా తన పక్క కిటికీలోంచి బయటికే చూశారు. ఇంతలో ఒకావిడ పసిపిల్లని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. అమ్మమ్మ దిగి, పిల్ల బొడ్డు చూసి, చెవిలో ఆముదం పొయ్యొద్దని తల్లిని కోప్పడింది. ఆ తర్వాత అందరం వెనక్కి బయల్దేరాం. తిరుగుదారిలోనైనా ఆగుతుందేమోనని మనసులో ప్రార్థన చేశాను. ఆగలేదు.

సర్కారుతుమ్మల దగ్గరికి వచ్చేసరికి అక్కడ తిరనాళ్లలా ఉంది. బోర్డు ముందు పురంధరరావు గారి కొత్త బండి నిలబడి ఉంది. దాని మీద దండలున్నాయి. బొట్లున్నాయి. చక్రాల దగ్గర కొబ్బరిచిప్పలున్నాయి. తోపరులు చెమటలు తుడుచుకుంటున్నారు.

బలరాం ఎదురు పరిగెత్తుకొచ్చాడు. "సర్! ఆగిందండి! సరిగ్గా బోర్డు ముందే ఆగిందండి!"

"ఏది ఆగింది?"

"మన బండి సర్! బొత్తాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయండి. పొగ కూడా వచ్చిందండి. మేళం మొదలెట్టేశారు. తోపరులు తోసేశారు. ఫోన్లో జిల్లావాళ్లంతా చూసి చప్పట్లు కొట్టారండి. డైరెక్టరు గారు అక్కడికక్కడే వీడియోలో కనబడిన వాహనానికి వారసత్వ హోదా ఇస్తూ ఉత్తర్వు పంపేశారు!"

"మూర్ఖుడా, అది మనం వచ్చిన బండి!"

"ఆ సంగతి చెప్పానండి. ఆగిందా లేదా అన్నారు. ఆగిందన్నాను. మానవ ప్రమేయం ఉందా అన్నారు. లేదన్నాను."

"చక్కగా తోశామండి" అన్నాడు కోటయ్య తాత. "రెండు తిట్లూ వాడాం."

పురంధరరావు గారు బోర్డు నీడలో కూర్చున్నారు. వారసత్వ హోదా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే నిబంధన లేదు. ఆ నిబంధన లేకుండా రాసింది ఆయనే. బండిని బాగుచేయించడానికీ వీల్లేదు. బాగుచేస్తే మౌలిక స్వభావం చెడిపోతుంది. అంచేత కొత్త బండిని తోపరులే పంచాయతీ ఆఫీసు పక్కకి తోసుకెళ్లారు. అక్కడ కొత్తగా అద్దాల గది కట్టి, అందులో పెట్టి తాళం వేశారు. పిల్లలు రోజూ పోయి చూసొస్తున్నారు.

"మరి నా బండి సంగతేంటి బాబూ?" అంది అమ్మమ్మ. "తుక్కేనా?"

జిల్లాకి తిరిగి పోవడానికి ఆయనకి బండి లేదు. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది, మా ఊరికి మళ్లీ బస్సు సాయంత్రం గానీ రాదు. ఆయన మెల్లగా లేచి చొక్కా దులుపుకున్నారు.

"సదరు వాహనము నా సమక్షంలో, మూడు చారిత్రక స్థలాల్లోనూ ఆగక, అత్యంత విశ్వసనీయముగా ప్రయాణించినది" అన్నారు. "వారసత్వ వాహనంగా ఇది పనికిరాదు. ప్రభుత్వ వాహనంగా పనికివస్తుంది. మా విభాగానికి వాహనం లేదు. రాసుకో బలరాం."

అలా అమ్మమ్మ కారుకి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. అమ్మమ్మ దానికి గౌరవ చోదకురాలు. విభాగానికి షెడ్డు లేదు కాబట్టి కారు మా ఇంటి ముందే ఉండాలి. ముందు భాగంలో 'ప్రభుత్వ వాహనము' అని ఎర్ర అక్షరాల బోర్డు బిగించారు.

సోమవారం పొద్దెక్కాక పురంధరరావు గారు ఫైళ్లతో వచ్చి కుడి పక్క కూర్చున్నారు. అమ్మమ్మ తాళం తిప్పింది. కారు ఒకసారి మూలిగింది. ఇంకోసారి తిప్పింది. అదీ లేదు.

తడిగుడ్డ వేశారు. కోటయ్య తాత బృందం వచ్చి అనుమతి ఉన్నవీ లేనివీ అన్ని తిట్లూ తిట్టి తోశారు. కదల్లేదు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. పురంధరరావు గారు ఇప్పుడు రోజూ బస్సులో వచ్చి, కారులో కూర్చుని ఫైళ్లు చూసుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతున్నారు. మధ్యాహ్నం అమ్మమ్మ ఆయనకి బీపీ చూసి మజ్జిగ ఇస్తుంది. ఈ బండిని తుక్కు చేయడానికి అనుమతి ఇప్పించమని ఆయన పైకి రాశారు. ప్రభుత్వ వాహనాన్ని తుక్కు చేయాలంటే ముందు దాన్ని జిల్లా కేంద్రానికి నడిపించుకుని వచ్చి తనిఖీ చేయించవలెనని జవాబు వచ్చింది. నడవదు కాబట్టి తీసుకుపోలేరు. తీసుకుపోలేరు కాబట్టి తుక్కు కాదు.

ఆదివారం ఆఫీసు సెలవు. తెల్లవారుతూనే అమ్మమ్మ నన్ను లేపి బోర్డు మరలు విప్పమంటుంది. నేను విప్పి లోపల బియ్యం డబ్బా వెనక పెడతాను. ఆమె తాళం తిప్పుతుంది. కారు మొదటి తిప్పుకే అందుకుంటుంది. చర్చి గంట కొట్టే వేళకి తిరిగి వచ్చేలా లంకకి వెళ్లి పిల్లల్ని చూసొస్తాం.

ఎండ ఎక్కకముందు కాబట్టి నడుస్తోందంటుంది అమ్మమ్మ. ఊళ్లోవాళ్లు మాత్రం ఒప్పుకోరు. సెలవు కాబట్టే నడుస్తోందని, వారమంతా దానికి ఉద్యోగం కదా అని అంటారు.

పోయిన ఆదివారం ఇంటికి రాగానే అమ్మమ్మ దిగి, బానెట్ మీద చెయ్యి వేసి చూసి నాతో అంది:

"బోర్డు బిగించు ఎప్సీ. పాపం, రేపట్నుంచి మళ్లీ దానికి రెస్టు."